లేసులు లేని బూట్లు

గత ఏడాది ఒంటిపూట బడులు మొదలైన వారంలో మా ఆయన భిక్షం ప్రసిద్ధుడయ్యాడు. తొలకరి పడే నాటికి ఆ ప్రసిద్ధి మా ఇంట్లో ఎవరికీ అక్కర్లేని వస్తువైపోయింది. నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పాను. సెలవు దినాల్లో హేతువాద సంఘం తరఫున ఊరూరా తిరిగి, నిమ్మకాయ కోస్తే రక్తం ఎలా వస్తుందో, చేతిలో కర్పూరం ఎందుకు కాలదో జనానికి విప్పి చూపాను. కాబట్టి ఆ వేసవి గురించి రాసేటప్పుడు, కళ్లతో చూసినదానికీ మనసుతో అనుకున్నదానికీ మధ్య తేడా పాటించడం నా బాధ్యత. అప్పుడు నేను పాటించనిది సరిగ్గా అదే.

భిక్షం వయసు డెబ్బై ఆరు. బొల్లారం దగ్గరి ఒక ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకు ఇరవై రెండేళ్లు మేనేజరుగా ఉన్నాడు. ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు, జట్టూ లేదు. పిలుపు ఒక్కటి మిగిలింది. మేడ్చల్‌లో పాలు పోసేవాడి దగ్గర్నుంచి అందరికీ ఆయన 'మేనేజర్ సాబ్'. కోపం వచ్చినప్పుడు నాకు కూడా. ఆయన మాత్రం పెళ్లయిన నాటి నుంచీ నన్ను 'టీచర్' అనే పిలుస్తాడు.

మొదటి వీడియో ఒక ఆదివారం ఉదయం తీసింది. టీవీలో ముందురోజు జరిగిన యూరప్ ఆట మళ్లీ వేస్తున్నారు. భిక్షం కుర్చీ అంచున కూర్చుని, టీ చల్లారిపోతున్నా చూడకుండా, తెర మీది మనుషులను తిడుతున్నాడు.

"అరే ఖాజా! ఏడ జూస్తున్నవ్ రా? నీకు పిల్లనిచ్చెటోళ్లు వచ్చి కూసున్నరా గేలరీల? బాల్ జూడు, బాల్!"

తెర మీద ఉన్నవాడు ఆరడుగుల తెల్లవాడు, బంగారు రంగు జుట్టు. మా మనవరాలు అంకిత పడీపడీ నవ్వింది. కండ్లకోయ ఇంజనీరింగ్ కాలేజీలో రెండో ఏడాది చదువుతున్న పిల్ల. చేతిలో ఫోన్ ఎలాగూ ఉంది.

"తాతా, ఆయన ఖాజా గాదు."

"ఖాజా గాకుంటె ఎవడే? నాలుగేండ్ల సంది జూస్తున్న వాన్ని. ఎడమ కాలు ఈడ్సుకుంట ఉరుకుతడు. రేపు ప్రాక్టీసుకు రానియ్యి, వాని సంగతి జెప్త."

సాయంత్రానికి ఆ ముక్కను నలభై వేల మంది చూశారు. వారంలో రెండు లక్షలు. 'మేనేజర్ సాబ్' అని అంకిత ఒక పేజీ తెరిచింది. విదేశీ ఆటగాళ్లను తన పాత బొల్లారం జట్టు పోరగాళ్ల పేర్లతో పిలిచి తిట్టే ముసలాయన జనానికి కొత్త వినోదం. 'ఏం టైమింగ్ సాబ్‌ది!' అని ఎవరో రాశారు. అంకిత చదివి వినిపిస్తే భిక్షం తల పంకించాడు. జోకు నాకు నచ్చింది. ఆయన మొదటి నుంచీ ముఖం కదలకుండా జోకులేసే మనిషి. అది జోకు అన్నది పరిశీలన కాదు, నా ఊహ. ఆనాడు నేను రెంటినీ ఒకే గడిలో వేశాను.

పేజీకి అసలైన పేరు తెచ్చింది లేసుల వీడియో.

ఫ్యాక్టరీ జట్టుకు బూట్లు యాజమాన్యమే కొనిచ్చేది. లేసులు మాత్రం తెగేవి, పోయేవి, ఒకరివి ఒకరు తీసుకునేవారు. అందుకని భిక్షం లేసులన్నీ తన దగ్గరే పెట్టుకునేవాడు. ఆట ఉన్న రోజు పద్దెనిమిది మంది వరసగా నేల మీద కూర్చునేవారు, ఎదురుగా లేసులు లేని బూట్లు. ఈయన ఎడమ మణికట్టుకు పదకొండు జతల లేసులు వేలాడేసుకుని, పేరు పిలిచి ఒక్కొక్క జత ఇచ్చేవాడు. అందినవాడు రెండు చేతులా తీసుకుని, కూర్చుని కట్టుకోవాలి. అందనివాడు ఖాళీ బూట్లతోనే బెంచీ మీదికి పోవాలి. ఎందుకివ్వలేదని అడగకూడదు. అడిగినవాడికి తర్వాతి ఆటకు కూడా ఖాళీ బూట్లే. ఆ పదకొండు జతలు ఇప్పటికీ మా ఇంట్లో ఒక స్టీలు డబ్బాలో ఉన్నాయి, ఉతికి, చుట్టి.

అంకిత ఫోన్ ముందు భిక్షం ఆ లేసులను మణికట్టుకు వేసుకుని ఇదంతా చెప్పాడు. నలభై ఏళ్ల కిందటి సంగతి ఒక్క తప్పు లేకుండా, ఎవరి బూటు సైజు ఎంతో కూడా చెప్పాడు. ఆ వీడియోను పది లక్షల మంది చూశారు. ఏప్రిల్ మొదటి వారం నుంచి మా ఇంటికి కొరియర్‌లో లేసులు రావడం మొదలైంది. ఎరుపు, పసుపు, మెరిసేవి, చీకట్లో వెలిగేవి. కరీంనగర్ నుంచి ఒకరు, దుబాయి నుంచి ఇంకొకరు. 'సాబ్, మమ్మల్ని కూడా టీంలోకి తీసుకోండి' అని చీటీలు. గేటు దగ్గర సెల్ఫీల కోసం కుర్రాళ్లు. భిక్షం గడ్డం రోజూ గీసుకోసాగాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా వరండాలోకి రావడం మానేశాడు.

"అమ్మా," అన్నాడు ఒకనాడు మా కొడుకు బాలేష్, ఆఫీసుకు బయల్దేరుతూ. "జట్టు బందైనప్పటి సంది నాయిన గిట్ల నవ్వంగ నేను జూడలే. జరంత దిష్టి తియ్యరాదే." అని నా ముఖం చూసి, "సారీ, నీతోటా అంటున్న?" అని నవ్వుతూ పోయాడు.

నవ్వు మాట నిజం. జట్టు రద్దయ్యాక పద్దెనిమిదేళ్లు ఆ మనిషి పేపరు మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాడు. ఇప్పుడు ఆయన కోసం జనం ఎదురుచూస్తున్నారు. దీన్ని చెడగొట్టే సాక్ష్యం ఏదైనా కనిపిస్తే దాన్ని చూడకుండా పక్కకు జరపడానికి నాకు ఇంతకన్నా కారణం అవసరం లేకపోయింది.

సాక్ష్యం లేక కాదు. ఏప్రిల్ మూడో వారంలో ఒక ఉదయం, వాకింగ్‌కు వెళ్లిన మనిషి పదకొండయినా రాలేదు. నేను వీధులన్నీ వెతుకుతుండగా అంకిత కాలేజీ నుంచి ఫోన్ చేసింది. "అవ్వా, తాత గండిమైసమ్మ కాడ ఉన్నడు. ఎవరో వీడియో పెట్టిన్రు."

గండిమైసమ్మ మాకు దగ్గర కాదు. షేర్ ఆటోలు మారి వెళ్లాలి. చౌరస్తాలో, ఎండలో, గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు భిక్షం. చుట్టూ పదిమంది ఫోన్లు పట్టుకుని ఉన్నారు. ఎవరో సోడా తాగించారు, ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. వీడియో కింద రాసింది ఇది: 'టీం బస్సు కోసం వెయిటింగ్‌లో మన సాబ్. ఏం యాక్టింగ్ భయ్!'

నన్ను చూసి ఆయన చేతి గడియారం చూపించాడు. "టీచర్, డ్రైవర్ గింత లేటు జేస్తే ఆటెప్పుడు? నువ్వన్న ఫోన్ గొట్టు ఫ్యాక్టరీకి."

చుట్టూ నవ్వులు. నేనూ నవ్వాను. నవ్వి, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను. దారిలో కూడా రెండుసార్లు బస్సు సంగతి అడిగాడు. ఎండదెబ్బ అనుకున్నాను. అలా అనుకోవడానికి ఎంత శ్రమ పడ్డానో నాకు గుర్తుంది.

మే మొదట్లో మల్లేష్ వచ్చాడు. అరవై దాటినవాడు, నెరిసిన మీసం, చేతిలో తడి గోనెసంచి. షామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఒకప్పుడు ఫ్యాక్టరీ జట్టులో ఎడమవైపు ఆడేవాడు. పదిహేనేళ్లుగా రాకపోకలు లేవు. బిడ్డ ఫోన్‌లో లేసుల వీడియో చూసి వచ్చాడట.

"టీచరమ్మా, బొచ్చె చేపలు. పొద్దుగాల వలల వడ్డయి," అని సంచి నా చేతికిచ్చి, గుమ్మంలోనే వంగి భిక్షం పాదాలు ముట్టాడు. "సార్, బాగున్నరా?"

భిక్షం ఆయనను ఆనందంగా చూశాడు. "రా రా, కూసో. నీ కొడుకు ఏడి?"

"కొడుకా సార్?"

"మల్లేష్‌గాడు. మూడు దినాలాయె ప్రాక్టీసుకు రాక. చెరువుకు తోలుకపోతున్నవా ఏంది? జూడు, వాడు చేపలు వట్టే పోరడు గాదు. వాని ఎడమ కాలు బంగారం. ఇంకో రెండేండ్లు నాకియ్యి, చాలు."

అంకిత ఫోన్ పట్టుకుని, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. మల్లేష్ కూడా నవ్వాడు, పెద్దగా, తొడ మీద చరుచుకుని. తర్వాత భిక్షం కళ్లలోకి చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది.

"పంపుత సార్," అన్నాడు మెల్లగా. "రేపటి సంది పంపుత."

"ఒట్టు?"

"ఒట్టు సార్."

గేటు దాకా నేను వెంట వెళ్లాను. మల్లేష్ తన స్కూటర్ మీద చెయ్యి వేసి చాలాసేపు ఎక్కలేదు.

"సారు మా బాపుతోటి మాట్లాడిండు, టీచరమ్మా. నేను అచ్చం మా బాపు లెక్కనే అయిన్నట. అందరంటరు. బాపు సచ్చిపోయి ఇరవై రెండేండ్లాయె. సారు సుత పాడె మోసిండు."

"ఆయనకు హాస్యం ఎక్కువ, మల్లేష్. నీకు తెలియనిదేముంది."

"తెలుసమ్మా. సారు పరాచికమాడితే కుడి కన్ను జర చిన్నగైతది. నాకు గది చిన్నప్పటి సంది యాదికున్నది." కిక్ కొట్టాడు. "ఇయ్యాల గాలే."

నేను లోపలికి వచ్చేసరికి అంకిత ఆ ముక్కకు పాట అతికిస్తోంది. తలెత్తి నా వంక చూసింది. ఎంతసేపటి నుంచో అడగాలనుకున్నదాన్ని అప్పుడడిగింది.

"అవ్వా, తాత యాక్టింగే గద?"

వరండాలో భిక్షం ఎవరికో చేతులూపుతున్నాడు. గేటు బయట ఇద్దరు పిల్లలు, "సాబ్! సాబ్!" అని అరుస్తున్నారు.

"యాక్టింగే," అన్నాను.

అంకిత తలదించుకుని పని పూర్తిచేసింది. నేను చేపలు కడగడానికి పెరట్లోకి వెళ్లాను.

మే రెండో వారంలో అంకిత కాలేజీ ఆటల పోటీలకు భిక్షాన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందు, పాత పద్ధతిలో, తన చేతులతో ఆటగాళ్లకు లేసులివ్వాలని వాళ్ల కోరిక. మల్లేష్‌ను కూడా తీసుకుపోదామని భిక్షమే అన్నాడు. "మల్లేష్ బాపును గూడ పిలువు. కొడుకు ఆడుతుంటే జూస్తడు." నేను ఫోన్ చేస్తే మల్లేష్ ఆట ఎన్నింటికని అడిగాడు. తర్వాత "వస్త," అన్నాడు.

మైదానం నిండా విద్యార్థులు. మా ఊరి జాతరకు కూడా అన్ని ఫోన్లు లేచి ఉండగా నేను చూడలేదు. వేదిక ముందు పదకొండు మంది ఆకుపచ్చ బనీన్ల కుర్రాళ్లు వరసగా కూర్చున్నారు, ఎదురుగా లేసులు తీసేసిన బూట్లు పెట్టుకుని. నిర్వాహకులు అంతా పద్ధతిగానే చేశారు. పిలవవలసిన పేర్లు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి భిక్షం చేతికిచ్చారు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మేనేజర్‌గా ఆయన ఏనాడూ కాగితం చూసి జట్టు పిలవలేదు.

మైకు ముందుకు వెళ్లి ఎడమ చెయ్యి ఎత్తాడు. మణికట్టుకు పదకొండు జతల తెల్ల లేసులు. మైదానం హోరెత్తింది.

"ఖాజా!" అన్నాడు.

చప్పట్లు, ఈలలు. ఎవరూ లేవలేదు. కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు.

"యాదగిరి! ప్రభాకర్!"

ప్రతి పేరుకూ హోరు పెరుగుతోంది. భిక్షం ఒక్కొక్క జతా విప్పి, చెయ్యి చాపి, రావలసినవాడి కోసం ఆగుతున్నాడు. వాడు రాకపోతే ఆ జతను మళ్లీ మణికట్టుకు వేసుకుని తర్వాతి పేరు పిలుస్తున్నాడు. ఏడో పేరుకు ఆయన గొంతు మారింది.

"ఏందిర? ఒక్కడు రాడేంది? నేను ఏమన్న అన్ననా మిమ్ముల?"

మైదానం నవ్వింది. మొదటి వరసలో నా పక్కన నిలబడి వీడియో తీస్తున్న అంకిత చెయ్యి దిగిపోయింది. ఆ పిల్ల ముఖంలోకి చూడలేక నేను లేచాను.

వేదికలెక్కడం నాకు కొత్త కాదు. మీరు చూస్తున్నది మీరనుకుంటున్నది కాదు అని జనానికి చెప్పడమే నేను జీవితమంతా చేసిన పని. మైకు అందుకుని, తరగతి గదిలో మాట్లాడినట్టే, ఒక్కొక్క మాటా విడిగా పలికాను.

"పిల్లలూ, ఒక్క నిమిషం వినండి. మీ మేనేజర్ సాబ్ నటించడం లేదు. ఆయనకు నిజంగానే—"

తర్వాతి మాట నాకే వినిపించలేదు. అంత నవ్వు, అన్ని చప్పట్లు. చప్పుడు తగ్గేదాకా ఆగుదామని ఆగాను. నేను ఆగిన కొద్దీ అది ఇంకా పెరిగింది. వెనక వరసల నుంచి ఎవడో అరిచాడు: "అరే, అవ్వ గూడ మస్తు జేస్తాంది!"

కత్తికి ముందే రసాయనం పూసి ఉందని చెప్పినప్పుడు కొన్ని ఊళ్లలో నన్ను తిట్టారు, ఒక ఊళ్లో మట్టిబెడ్డ విసిరారు. నిజం చెబితే చప్పట్లు కొట్టింది ఆ కాలేజీ మైదానంలో మాత్రమే.

అప్పుడు మల్లేష్ వేదిక ఎక్కాడు. చెప్పులు మెట్ల దగ్గరే విడిచాడు. మైకు వైపు చూడలేదు. భిక్షం భుజం మీద చెయ్యి వేసి, ఆయనకు మాత్రమే వినపడేటంత మెల్లగా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"సార్, బస్సొచ్చింది. పోదాం పాండ్రి."

భిక్షం అనుమానంగా చూశాడు. "పోరగాండ్లు?"

"అందరెక్కి కూసున్నరు సార్. మీ కోసమే ఆగిన్రు."

"మల్లేష్ ఎక్కిండా?"

మల్లేష్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "ముందు సీట్ల కూసున్నడు సార్."

భిక్షం మెట్లు దిగాడు. ఆటోలో దారి పొడుగునా మణికట్టు మీది లేసులు వేళ్లతో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. పదకొండు జతలూ ఉన్నాయి.

ఇంటికి వచ్చాక అంకిత నా ముందు నిలబడింది. "నువ్వు యాక్టింగ్ అన్నవ్ గద, అవ్వా."

"అన్న."

"తెలిసే అన్నవా?"

"తెలిసే అన్న."

అడగవలసినది ఇంకేమీ లేనట్టు చూసి, తన గదిలోకి వెళ్లింది. ఆ రోజు నుంచి దాదాపు నెల రోజులు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. నేనేదో చెప్పి సర్దిచెప్పే ప్రయత్నం చేయలేదు. ఆ పిల్ల లెక్క సరైనదే.

వైద్యుడు పరీక్షలన్నీ చేయించి జబ్బు పేరు చెప్పాడు. రెండేళ్ల కిందటే మొదలై ఉంటుందన్నాడు. "ఇంట్లో ఎవరూ గమనించలేదా అమ్మా?"

"గమనించాను. నిర్ధారించుకోలేదు."

ఆయన మర్యాదస్తుడు. చీటీలోకి తల దించుకున్నాడు.

అంకిత పేజీలో ఉన్నదున్నట్టు రాసింది: తాతకు మతిమరుపు జబ్బు, మేం అర్థం చేసుకోలేకపోయాం, ఇక వీడియోలు రావు. కొందరు బాధపడ్డారు. చాలామంది అది కూడా కొత్త నాటకమే అన్నారు. కాలేజీలో నేను మాట్లాడిన ముక్కను ఎవరో పెట్టారు. ఫోన్‌లో కనిపించిన లెక్క ప్రకారం ఆ వేసవిలో అన్నిటికన్నా ఎక్కువ మంది చూసింది దాన్నే. జూన్ నాటికి జనానికి ఇంకో ఊళ్లో ఇంకో తాత దొరికాడు. కొరియర్లు ఆగిపోయాయి. రంగురంగుల లేసులు మూట కట్టి అటక మీద పడేశాను.

వైద్యుడు ఇచ్చిన సూచనల్లో ఒకటి: కాళ్లకు చిక్కుకుని పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి లేసులు లేని బూట్లు వాడాలి. నేను సూచనలను అక్షరాలా పాటించే మనిషిని. మేడ్చల్ బజారుకు వెళ్లి, మెత్తనివి, నల్లవి, కాలు దూరిస్తే చాలు పట్టుకునేవి ఒక జత తెచ్చాను. మరునాడు ఉదయం, రాత్రి కురిసిన మొదటి వానకు వాకిలి ఇంకా తడిగా ఉండగా, వాటిని ఆయన కుర్చీ ముందు పెట్టి పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి భిక్షం కుర్చీలో లేడు. వరండా చివర, చెప్పులు విడిచే చోట ఉన్న చిన్న బల్ల మీద కూర్చున్నాడు. కొత్త బూట్లు ఎదురుగా నేల మీద ఉన్నాయి. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ముందుకు చూస్తున్నాడు.

"వాకింగ్‌కు పోవా?"

టీ ఇచ్చాను, తాగాడు. పేపరిచ్చాను, పక్కన పెట్టాడు. తొమ్మిదైంది. పదైంది. ఆ మనిషి బల్ల మీది నుంచి లేవలేదు. అలిగాడా అనుకున్నాను. ఒంట్లో బాగాలేదా అనుకున్నాను. కాలేజీకి సెలవులు కాబట్టి అంకిత ఇంట్లోనే ఉంది. వరండాలోకి వచ్చి తాతను చూసింది, నేల మీది బూట్లను చూసింది. నెల రోజుల తర్వాత మొదటిసారి తనంతట తానుగా నాతో మాట్లాడింది.

"అవ్వా, గవి ఖాళీ బూట్లు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. ఆయనకు లేసులు అందలేదు. బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎందుకని అడగకూడదు.

భిక్షం అడగలేదు. ఇరవై రెండేళ్లు కుర్రాళ్లకు నేర్పిన దాన్ని పొద్దున్నుంచీ పాటిస్తూ కూర్చున్నాడు.

అంకిత బూట్ల స్టాండు వెనక నుంచి ఆయన పాత కాన్వాస్ బూట్లు తీసింది. పడిపోతాడేమోనన్న భయంతో వాటి లేసులు నేనే పీకేశాను. నేను లోపలికి వెళ్లి స్టీలు డబ్బా తెచ్చాను. ఒక జత తీసి, చుట్ట విప్పి, ఆయన ముందు నిలబడ్డాను. పేరు పిలవాలి. పద్ధతి అది. ఏ పేరు పిలవాలో తోచక చెయ్యి మాత్రం చాపాను.

తలెత్తి చూశాడు. ముఖం మెల్లగా విచ్చుకుంది. గబగబా లేచి నిలబడి, లుంగీకి చేతులు తుడుచుకుని, రెండు చేతులా అందుకున్నాడు.

అంకిత నేల మీద కూర్చుని ఆయన పాదం తన ఒళ్లోకి తీసుకుంది. "తాతా, నేను గడ్త తియ్యి."

ఏ పేరుతో అందుకున్నాడో నేను అడగలేదు.